టైమ్‌షేర్ కొనే ముందు తెలిసి ఉండాల్సిన సంగతులు: తరచుగా అడిగే ప్రశ్నలు

హాలిడే మెంబర్‌షిప్, వెకేషన్ ఓనర్‌షిప్, టైమ్‌షేర్ అని రకరకాల పేర్లతో అమ్ముతున్న ఈ సభ్యత్వాన్ని మా కుటుంబం 2011లో విశాఖపట్నంలోని ఒక హోటల్ హాలులో కొన్నది. కొన్న మరుసటి ఏడాది నుంచే మాకు ఎదురైన సందేహాలు, ఆ తరువాత బంధువులు, స్నేహితులు, వాళ్ల స్నేహితులు మమ్మల్ని అడుగుతూ వచ్చిన ప్రశ్నలు ఇక్కడ ఒకచోట చేర్చాము. సంతకం పెట్టక ముందు చదివిన వారికి ఇవి ఎక్కువగా పనికివస్తాయి. ఇప్పటికే కొన్నవారి కోసం కూడా చివరి భాగంలో కొన్ని జవాబులు ఉన్నాయి.

టైమ్‌షేర్ అంటే ఏమిటి? మనం కొనేది ఆస్తేనా?

ఒక రిసార్టు గదిని లేదా అపార్ట్‌మెంటును ఏడాదిలో కొన్ని రోజుల పాటు, సాధారణంగా ఏడు రాత్రులు, వాడుకునే హక్కును ముందుగానే డబ్బు కట్టి కొనుక్కోవడమే టైమ్‌షేర్. ఈ ఆలోచన 1960లలో యూరప్‌లో మొదలై, తరువాత అమెరికాకు పాకింది. మన దేశంలో 1986లో మొదలైన స్టెర్లింగ్, 1996లో ఏర్పడిన మహీంద్రా హాలిడేస్ వంటి కంపెనీల ద్వారా మధ్యతరగతి కుటుంబాలకు పరిచయమైంది.

మన దేశంలో నేడు అమ్ముడవుతున్న సభ్యత్వాల్లో ఎక్కువ భాగం వాడుకునే హక్కు మాత్రమే. రిసార్టు భూమిలో గాని, భవనంలో గాని మీకు వాటా ఉండదు, మీ పేరున రిజిస్ట్రేషన్ జరగదు, దాన్ని తాకట్టు పెట్టి బ్యాంకులో అప్పు తెచ్చుకోలేరు. గడువు, అంటే పదేళ్లో ఇరవై ఐదేళ్లో, ముగిసిన రోజున మీ చేతిలో మిగిలేది ఏమీ ఉండదు. అమ్మేవారు మాటల్లో ‘ఓనర్’, ‘మీ సొంత హాలిడే హోమ్’ అని ఎన్నిసార్లు అన్నా, ఒప్పందంలో ‘సభ్యుడు’ అని మాత్రమే రాసి ఉంటుంది. ఆ ఒక్క పదం దగ్గర ఆగి ఆలోచించి ఉంటే మేము ఆ రోజు లేచి వచ్చేసేవాళ్లం.

షాపింగ్ మాల్‌లో చీటీ నింపాము. బహుమతి వచ్చిందని ఫోన్ చేశారు. వెళ్లి తీసుకోవచ్చా?

వెళ్లవచ్చు, కానీ దేనికి వెళ్తున్నారో తెలుసుకుని వెళ్లండి. హైదరాబాద్ మాల్స్‌లో, పెట్రోల్ బంకుల దగ్గర, ఎగ్జిబిషన్లలో నింపించే లక్కీ డ్రా చీటీ నిజానికి ఫోన్ నంబర్లు సేకరించే పద్ధతి. ఆ చీటీలో పెళ్లయిందా, వయసు ఎంత, కారు ఉందా, క్రెడిట్ కార్డు ఉందా అని అడగడంలోనే అసలు ఉద్దేశం తెలుస్తుంది. ఫోన్‌లో గంట అని చెప్పిన సమావేశం మూడు నాలుగు గంటలు సాగుతుంది. బహుమతిగా ఇచ్చే మూడు పగళ్లు, రెండు రాత్రుల వోచరుకు కూడా షరతులు ఉంటాయి. ప్రయాణ ఖర్చులు మీవి, కొన్ని చోట్ల పన్నులు, భోజన ప్యాకేజీ తప్పనిసరి, పండుగ రోజుల్లో చెల్లదు.

బహుమతి ఇస్తామని చెప్పి, ఇచ్చే ఉద్దేశం లేకుండా పిలిపించడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 అనుచిత వ్యాపార పద్ధతిగా గుర్తిస్తుంది. కాబట్టి ఫోన్‌లో చెప్పిన సంగతిని వాట్సాప్‌లోనో ఎస్సెమ్మెస్‌లోనో రాసి పంపమని అడగండి.

భార్యాభర్తలు ఇద్దరూ తప్పకుండా రావాలని ఎందుకు పట్టుబడతారు? ‘ఈ రోజు మాత్రమే’ అనే ధర నిజమేనా?

ఒక్కరే వస్తే ‘ఇంట్లో అడిగి చెబుతాను’ అని లేచి వచ్చే అవకాశం ఉంటుంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే ఆ మాట అనడానికి వీలుండదు. హాలులో గట్టిగా పాటలు పెట్టడం, పక్క బల్ల దగ్గర ఎవరో కొన్నారని చప్పట్లు కొట్టించడం, పిల్లలను ఆటల గదిలోకి పంపడం, మొదట మాట్లాడిన యువకుడు ‘మేనేజర్ గారిని అడిగి వస్తాను’ అని వెళ్లి తక్కువ ధరతో తిరిగి రావడం, ఇవన్నీ ముందుగా అనుకున్న వరుసలోనే జరుగుతాయి. ఆ అబ్బాయిలు, అమ్మాయిలు చెడ్డవారని నేను అనను. వాళ్ల జీతం ఆ సాయంత్రం జరిగే సంతకాల మీదే ఆధారపడి ఉంటుంది.

ఆ రోజు ధర మరుసటి రోజు ఉండదన్న మాటను నమ్మనవసరం లేదు. మేము సంతకం పెట్టిన పథకమే మరొక హోటల్‌లో, ఆఫరుకు వేరే పేరు పెట్టి, ఇంకా తక్కువకు మా బావగారికి చూపించారు. లక్షల రూపాయల నిర్ణయానికి ఒక రాత్రి వ్యవధి ఇవ్వని కంపెనీ, పాతికేళ్లలో మీకు ఏదైనా ఇబ్బంది వచ్చినప్పుడు ఎంత ఓపికగా వింటుందో అక్కడే అంచనా వేసుకోవచ్చు. ఏటీఎం కార్డులు, క్రెడిట్ కార్డులు ఇంట్లో పెట్టి వెళ్లండి. ఇది చిన్న సలహాగా కనిపించవచ్చు గాని, హాలులో దీనికంటే బాగా పనిచేసేది మరొకటి లేదు.

అసలు ఖర్చు ఎంత అవుతుంది? వాళ్లు చూపించే లెక్కలో లాభమే కనిపిస్తోంది కదా?

హాలులో చూపించే లెక్క ఇలా ఉంటుంది: నేడు రాత్రికి 8,000 రూపాయలు ఉన్న గది పదేళ్లలో ఎంత అవుతుందో, ఇరవై ఏళ్లలో ఎంత అవుతుందో కాగితం మీద రాస్తారు. ఆ మొత్తాన్ని సభ్యత్వ ధరతో పోల్చి, మీకు ఇన్ని లక్షలు మిగులుతాయని గుండ్రంగా చుట్టి చూపిస్తారు. అదే కాగితంలో, రిసార్టు నిర్వహణ కోసం సభ్యులు ఏటా కట్టాల్సిన వార్షిక రుసుము కూడా పెరుగుతుందని రాయరు, మీ డబ్బు బ్యాంకులో ఉంటే వచ్చే వడ్డీని రాయరు.

మనమే ఒక లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకు మాత్రమే. సభ్యత్వం 4,00,000 రూపాయలు అనుకుంటే, 18 శాతం జీఎస్‌టీతో 4,72,000 అవుతుంది. ఆ సొమ్ము 7 శాతం వడ్డీకి డిపాజిట్‌లో ఉంటే, ఆదాయపు పన్నుకు ముందు, ఏడాదికి 33,040 రూపాయలు వస్తాయి. వార్షిక రుసుము 18,000 అనుకుంటే, జీఎస్‌టీ కలిపి 21,240. ఈ రెండూ కలిస్తే 54,280 రూపాయలు. ఏడు రాత్రులకు పంచితే రాత్రికి దాదాపు 7,750 రూపాయలు పడుతుంది. మీరు నాలుగు రాత్రులే వాడుకోగలిగిన ఏడాదిలో అదే గది రాత్రికి 13,570 రూపాయలు అవుతుంది. ఇందులో భోజనం లేదు, ప్రయాణం లేదు. పైగా డిపాజిట్‌లో అసలు మీదే, సభ్యత్వంలో అసలు కూడా పోయినట్టే.

ఇక రుసుము పెరుగుదల సంగతి. 18,000 రూపాయలు ఏటా 6 శాతం చొప్పున పెరిగితే ఇరవై ఐదో ఏట అది సుమారు 72,900 అవుతుంది. పాతికేళ్లకు మీరు కట్టే రుసుములు కలిపి దాదాపు 9.88 లక్షలు, జీఎస్‌టీతో 11.65 లక్షలు. అంటే సభ్యత్వం కొన్న ధరకు రెండున్నర రెట్ల సొమ్ము ఆ తరువాత కట్టబోతున్నారన్నమాట. హోటల్ అద్దెలు కూడా పెరుగుతాయన్నది నిజమే, దాన్ని కాదనలేం. అయితే హోటల్ గదిని అవసరమైన ఏడాదిలో తీసుకుంటాం, అక్కరలేని ఏడాదిలో మానుకుంటాం. ఆ స్వేచ్ఛకు హాలులోని కాగితం మీద ధర కట్టరు.

మీ ఇంటి అంకెలతో ఈ లెక్కను ఇంట్లోనే, తీరికగా, ఇద్దరూ కూర్చుని వేసుకోండి. ఏటా ఎన్ని రాత్రులు నిజంగా బయట గడుపుతారో గత ఐదేళ్లు గుర్తు చేసుకుని రాయండి. రాబోయే ఐదేళ్లలో గడపాలనుకున్నవి రాయకండి.

ఒక ఏడాది ఎక్కడికీ వెళ్లకపోతే వార్షిక రుసుము కట్టనవసరం లేదా?

కట్టాలి. చాలా పథకాల్లో రుసుము వాడకంతో ముడిపడి ఉండదు. కరోనా కాలంలో, రిసార్టులు మూతపడిన నెలల్లో, సభ్యులు మొదటిసారి ఈ నిబంధనను జాగ్రత్తగా చదివారు. బకాయి ఉంటే గది బుక్ కాదు. కొన్ని ఒప్పందాల్లో బకాయి మీద వడ్డీ ఉంటుంది, కొన్నిటిలో చాలాకాలం కట్టకపోతే సభ్యత్వాన్నే రద్దు చేసే వీలు ఉంటుంది. రుసుము ఏ సూచీ ప్రకారం పెరుగుతుంది, ఏడాదికి గరిష్ఠంగా ఎంత పెంచవచ్చు, ‘కంపెనీ నిర్ణయం ప్రకారం’ అని ఎక్కడైనా రాసి ఉందా అన్నది సంతకానికి ముందు తప్పనిసరిగా చూడాల్సిన వాక్యం.

సీజన్లు, రంగులు అంటే ఏమిటి? తక్కువ ధర సీజన్ తీసుకుంటే నష్టమా?

ఏడాదిలోని వారాలను గిరాకీని బట్టి విభజించి, ఒక్కొక్క విభాగానికి ఒక రంగు పేరు పెడతారు. అన్నిటికంటే గిరాకీ ఉన్న వారాల సభ్యత్వం ఖరీదైనది, అన్నిటికంటే తక్కువ గిరాకీ ఉన్నది చవక. పై సీజన్ సభ్యుడు కింది సీజన్‌లోకి దిగి వెళ్లవచ్చు. కింది సీజన్ సభ్యుడు పైకి వెళ్లాలంటే అదనపు డబ్బు కట్టాలి, లేదా అసలు కుదరదు.

మన రాష్ట్రాల కుటుంబాలు నష్టపోయేది ఎక్కువగా ఇక్కడే. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో బడి పిల్లలున్న ఇంటికి వీలయ్యేవి ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారాల వరకు ఉండే వేసవి సెలవులు, దసరా సెలవులు, సంక్రాంతి, క్రిస్మస్ దగ్గరి నాలుగు రోజులు. ఊటీ, కొడైకెనాల్, మున్నార్, కూర్గ్ వంటి చోట్ల గిరాకీ ఎక్కువగా ఉండేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. చవక సీజన్ వారాలు జూలై, ఆగస్టు వానల్లో, పిల్లల పరీక్షల మధ్యలో పడతాయి. కాబట్టి బడి పిల్లలున్నవారు చవక సీజన్ కొంటే, పిల్లల చదువు అయ్యేదాకా ఆ సభ్యత్వం బీరువాలోనే ఉంటుంది. విశ్రాంత ఉద్యోగులకు మాత్రం అదే చవక సీజన్ చక్కగా సరిపోతుంది. వానలో మున్నార్ చూడటం ఇష్టమైనవారు ఖరీదైన రంగు కొననే కూడదు.

సీజన్ సరిగ్గానే కొన్నాము. అయినా కోరిన తేదీల్లో గది ఎందుకు దొరకడం లేదు?

మీరు కొన్నది ఒక గది కాదు, ఆ గదుల కోసం నిలబడే వరుసలో ఒక చోటు. ఈ సంగతి ముందే తెలిస్తే బాగుండేదని నాకు తెలిసిన సభ్యులందరూ చెప్పుకునే మాట ఇదే. ఒకే మే నెలలో ఒకే మున్నార్‌కు హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, ముంబయి సభ్యులందరూ వెళ్లాలనుకుంటారు. కొత్త సభ్యులు చేరే వేగం కొత్త గదులు కట్టే వేగాన్ని మించితే వరుస పొడవు పెరుగుతుంది, రుసుము మాత్రం తగ్గదు.

అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. బుకింగ్ ఎన్ని నెలల ముందు తెరుచుకుంటుంది? ఏడు రాత్రులు ఒకేసారి అడిగినవారికి ముందు అవకాశం, రెండు మూడు రాత్రులు అడిగినవారికి తరువాత అవకాశం అనే పద్ధతి ఉందా? మొత్తం సభ్యులు ఎంతమంది, మొత్తం గదులు ఎన్ని? కంపెనీ సొంతవి ఎన్ని, అద్దెకు తీసుకున్నవి ఎన్ని? అద్దె ఒప్పందం ముగిస్తే బ్రోషరులో ఫొటో ఉన్న ఆ రిసార్టే జాబితా నుంచి పోతుంది. షేర్ మార్కెట్‌లో నమోదైన కంపెనీ అయితే సభ్యుల సంఖ్య, గదుల సంఖ్య దాని వార్షిక నివేదికలో చూడవచ్చు. ఆ రెండు అంకెలను పక్కపక్కన రాసుకుంటే చాలా విషయం అర్థమవుతుంది.

హాలులోనే ఒక పరీక్ష కూడా చేయవచ్చు. అమ్మేవారి కంప్యూటర్‌లో రాబోయే మే రెండో వారానికి మీరు కోరిన రిసార్టులో గది చూపించమని అడగండి. ‘సిస్టమ్ సభ్యులకే తెరుచుకుంటుంది’ అని జవాబు వస్తే, మీకు కావలసిన సమాధానం దొరికినట్టే.

స్టూడియో గది తీసుకున్నాము. అమ్మానాన్నలను కూడా తీసుకువెళ్లవచ్చా?

స్టూడియోలో సాధారణంగా ఇద్దరు పెద్దలు, ఇద్దరు చిన్నపిల్లలకే అనుమతి. మన ఇళ్లలో ప్రయాణమంటే నానమ్మో అమ్మమ్మో కూడా బయలుదేరుతుంది, పిల్లలు పన్నెండేళ్లు దాటగానే కొన్ని చోట్ల పెద్దల లెక్కలోకి వస్తారు. అప్పుడు ఇంకొక గదికి అద్దె కట్టాలి. పాతికేళ్ల ఒప్పందంలో పిల్లలు పిల్లలుగా ఉండేది మొదటి కొన్నేళ్లే.

వంట విషయం కూడా ముందే అడగండి. చిన్న వంటగది ఫొటోలో కనిపించినా, కొన్ని రిసార్టుల్లో గదిలో వండుకోనివ్వరు. ఊరికి దూరంగా కొండ మీద ఉన్న చోట మూడు పూటలా అక్కడి రెస్టారెంటులోనే తినాల్సి వస్తుంది. మా మొదటి ప్రయాణంలో గదికి పైసా కట్టలేదు గాని, అయిదుగురి భోజనాల బిల్లు మాత్రం మామూలు హోటల్‌లో గది, భోజనం కలిపి అయ్యే ఖర్చును దాటింది.

ఈఎంఐలో కడితే భారం తగ్గుతుందా?

భారం తగ్గదు, కొన్నేళ్లకు పరుచుకుంటుంది. పై ఉదాహరణలోని 4,00,000 రూపాయలను 15 శాతం వడ్డీతో 48 నెలల్లో కడితే నెలకు సుమారు 11,130, మొత్తం 5.34 లక్షలు అవుతుంది. మరొక సంగతి ఇంకా ముఖ్యం. ఈఎంఐ కంపెనీతోనే ఉందా, లేక ఒక బ్యాంకు లేదా ఫైనాన్స్ సంస్థ మీకు అప్పు ఇచ్చి కంపెనీకి డబ్బు కట్టేసిందా అన్నది కచ్చితంగా తెలుసుకోండి. రెండో పద్ధతిలో సభ్యత్వం వద్దనుకున్నా అప్పు అలాగే ఉంటుంది, కంతులు ఆపితే మీ క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది. ట్యాబ్ మీద వేలితో పెట్టించే సంతకం సభ్యత్వానికా, రుణానికా, ఖాతాలోంచి ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకునే అనుమతికా అని ఒక్కొక్కసారీ ఆపి అడగండి.

దీన్ని పెట్టుబడిగా చూడవచ్చా? గదులు వాడుకోకపోతే డబ్బు వడ్డీతో తిరిగి ఇస్తామంటున్నారు.

చూడకూడదు, ఇందులో సందేహం లేదు. గదిలో ఉండకపోయినా నిర్ణీత గడువు తరువాత ఎక్కువ మొత్తం తిరిగి ఇస్తామనే పథకం సెలవుల పేరున నడిచే డిపాజిట్ పథకమే అవుతుంది. పాన్‌కార్డ్ క్లబ్స్ అనే కంపెనీ హోటల్ గదుల రాత్రులను ఇలా అమ్మి 51 లక్షల మందికి పైగా మదుపరుల నుంచి 7,035 కోట్ల రూపాయలు సేకరించిందని, ఇది అనుమతి లేని సామూహిక పెట్టుబడి పథకమని తేల్చి, ఆ సొమ్మును తిరిగి చెల్లించాలని షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2016లో ఆదేశించింది. ఆదేశం వచ్చినంత మాత్రాన డబ్బు చేతికి రాదని, ఆస్తుల అమ్మకాల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన మదుపరులకు బాగా తెలుసు.

సంతకం పెట్టాను, ఇంటికి వచ్చాక మనసు మారింది. రద్దు చేసుకోవచ్చా?

రోజులు లెక్కపెట్టుకోండి, ఈ రోజే పని మొదలుపెట్టండి. యూరోపియన్ యూనియన్ 2008లో తెచ్చిన ఆదేశం ప్రకారం, కొన్నవారికి కారణం చెప్పకుండా వెనక్కి తగ్గడానికి 14 రోజులు ఉంటాయి, ఆ గడువు లోపల అడ్వాన్సు తీసుకోవడం కూడా నిషిద్ధం. అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి గడువు మారుతుంది: ఫ్లోరిడాలో 10 రోజులు, కాలిఫోర్నియాలో 7, నెవాడాలో 5. మన దేశంలో టైమ్‌షేర్ కోసం ప్రత్యేకమైన చట్టం లేదు. కాబట్టి మీకు ఉండే గడువు ఒప్పందంలో కంపెనీ రాసినదే. కొన్ని పేరున్న కంపెనీలు పది రోజుల వంటి గడువు ఇస్తాయి. అది సంతకం తేదీ నుంచా, డబ్బు కట్టిన తేదీ నుంచా, కాగితాలు చేతికి అందిన తేదీ నుంచా అన్నది చూడాలి. సభ్యత్వ కిట్ పది రోజులు దాటాక కొరియర్‌లో వచ్చిన సందర్భాలు నాకు తెలుసు.

రద్దు కోరుతూ ఒప్పందంలో ఉన్న చిరునామాకు ఈమెయిల్ పంపండి, అదే లేఖను పోస్టులో రశీదు వచ్చేలా పంపండి. ఫోన్‌లో ‘మీ విజ్ఞప్తి నమోదు చేశాం సార్’ అన్న మాటతో ఆగిపోవద్దు. అమ్మినవారు ఇంటికి వచ్చి మాట్లాడతామని, ఇంకా మంచి పథకానికి మారుస్తామని చెప్పి రోజులు గడిపించవచ్చు. గడువు దాటిన తరువాత పరిస్థితి వేరు. కొన్ని ఒప్పందాల్లో కట్టిన ధరలో సగానికి పైగా ‘ప్రవేశ రుసుము’గా చూపి తిరిగి ఇవ్వరు, మిగిలిన దానిలో గడిచిన ఏళ్లకు కోత పెడతారు.

మేము అమెరికాలో ఉన్నాము. ఓర్లాండోలో కొన్నాము. మా పరిస్థితి వేరా?

కొంత వేరు. థీమ్ పార్కు టికెట్లు తగ్గింపు ధరకు ఇస్తామని తొంభై నిమిషాల సమావేశానికి పిలవడం మన మాల్ కూపన్‌కు అన్నగారి లాంటిది. అయితే అక్కడ అమ్మే వాటిలో రిజిస్టరైన దస్తావేజుతో వచ్చేవీ ఉంటాయి, వాటికి కాలపరిమితి లేకపోవచ్చు. అంటే నిర్వహణ రుసుము బాధ్యత కూడా ఆగదు. రుసుము ఆపితే వసూలు ఏజెన్సీలు, క్రెడిట్ రికార్డు దెబ్బతినడం, చివరికి ఫోర్‌క్లోజర్ (ఆ ఆస్తిని స్వాధీనం చేసుకోవడం) దాకా వెళ్తుంది. వీసా మీద ఉన్నవారు, రేపు భారత్‌కు తిరిగి రావచ్చనుకునేవారు కాలపరిమితి లేని ఒప్పందం జోలికి వెళ్లకపోవడం మంచిదని నా దృఢమైన అభిప్రాయం. వదిలించుకోవాలనుకుంటే, అప్పు పూర్తిగా తీరి ఉంటే, ముందు ఆ రిసార్టు కంపెనీనే తిరిగి తీసుకుంటుందేమో అడగండి. కొన్ని కంపెనీలకు అలాంటి పద్ధతి ఉంది.

ఒక సభ్యత్వంతో ప్రపంచమంతా తిరగవచ్చన్నారు. నిజమేనా?

కొంతవరకే. మీ కంపెనీ 1974లో అమెరికాలో మొదలైన ఆర్‌సీఐ వంటి మార్పిడి సంస్థతో ఒప్పందం చేసుకుని ఉంటే, మీ వారాన్ని అక్కడ ఇచ్చి మరొక దేశంలో వారం అడగవచ్చు. దానికి వేరే సభ్యత్వ రుసుము, ప్రతి మార్పిడికీ రుసుము ఉంటాయి. మీరు ఇచ్చే వారానికి గిరాకీ లేకపోతే గిరాకీ ఉన్న చోటు రాదు. విమాన టికెట్లు, వీసాలు మీ ఖర్చే.

నోటితో చెప్పినవి ఒప్పందంలో లేవు. ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

దాదాపు ప్రతి ఒప్పందంలోనూ ‘ఇందులో రాసినవి తప్ప మరే హామీ చెల్లదు’ అనే వాక్యం ఉంటుంది. అందుకే హాలులో చెప్పిన ప్రతి హామీని ఆ రోజే రాయించి సంతకం తీసుకోవాలి. రాయించలేకపోయినవారు వాట్సాప్ సందేశాలు, బ్రోషర్లు, లెక్కలు వేసిన ఆ చిత్తు కాగితం కూడా దాచుకోండి. ఆ కాగితం మీద ఉన్న అంకెలు తరువాత సాక్ష్యంగా పనికివస్తాయి.

మొదట కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఆ తరువాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్ సరిపోతుంది, 5 లక్షల లోపు అయితే దాఖలు రుసుము ఉండదు. న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు, ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయవచ్చు. వివాదానికి కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలన్నది మరచిపోవద్దు. ‘వచ్చే సీజన్‌లో తప్పకుండా ఇస్తాం’ అన్న మాటలు వింటూ ఆ రెండేళ్లు దాటబెట్టుకున్నవారు ఉన్నారు.

వివాదాలు ఫలానా నగరంలోనే, మధ్యవర్తి ద్వారానే పరిష్కరించుకోవాలని ఒప్పందంలో ఉంది. మరి మేము కర్నూలులో కేసు వేయవచ్చా?

వేయవచ్చు. ఫిర్యాదుదారు నివసించే చోట లేదా ఉద్యోగం చేసే చోట కేసు వేసే హక్కును 2019 చట్టం ఇచ్చింది. ఆర్బిట్రేషన్, అంటే మధ్యవర్తి ద్వారానే తేల్చుకోవాలనే, షరతు ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి మూసుకుపోదని 2018 డిసెంబరులో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో పయనీర్ అర్బన్ కేసులో, బిల్డరు ముందే తయారుచేసిన ఏకపక్ష షరతుల మీద సంతకం పెట్టడం తప్ప కొనుగోలుదారుకు మరో దారి లేనప్పుడు ఆ షరతులు అతన్ని కట్టిపడేయవని కూడా చెప్పింది. అది ఫ్లాటు కేసే అయినా, ఏకపక్ష ఒప్పందాల గురించి వాదించేటప్పుడు పనికివస్తుంది. ఒప్పందమే అన్యాయమైనదని తేల్చి ఆ షరతులను కొట్టివేయమని కోరాలంటే మాత్రం జిల్లాకు కాక రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి.

మా సభ్యత్వం కొనడానికి ఒకరు సిద్ధంగా ఉన్నారని ఫోన్ వచ్చింది. నమ్మవచ్చా?

ముందుగా డబ్బు కట్టమంటే నమ్మవద్దు. మీ పేరు, సభ్యత్వ నంబరు, కట్టిన మొత్తం అన్నీ చెప్పి, ఎక్కువ ధరకు కొనే కంపెనీ ఉందని, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) రుసుము, జీఎస్‌టీ, బదిలీ చార్జీ ముందుగా పంపితే వారంలో చెక్కు వస్తుందని చెబుతారు. ఒకటి కట్టాక ఇంకొకటి అడుగుతారు. అప్పటికే నష్టపోయినవారికి ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు. విదేశాల్లో కూడా ఇదే పద్ధతి నడుస్తోంది. మెక్సికోలో టైమ్‌షేర్ యజమానులను ఇలా మోసం చేస్తున్న నేర ముఠాకు చెందినవారిపై అమెరికా ఖజానా శాఖ 2023లో ఆంక్షలు విధించింది. డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. మొదటి గంటల్లో చెబితే ఆ సొమ్మును ఆపే అవకాశం ఎక్కువ.

నిజమైన అమ్మకం సంగతికి వస్తే, కొన్న ధరలో చిన్న భాగానికైనా కొనేవారు దొరకడం కష్టం. బదిలీకి కంపెనీ అనుమతి, రుసుము కావాలి. కొన్ని ప్రయోజనాలు మొదటి సభ్యుడికే పరిమితం, మీ దగ్గర కొన్నవారికి అందవు.

సభ్యుడు చనిపోతే పిల్లలకు వస్తుందా?

మిగిలిన ఏళ్లకు నామినీ పేరున మార్చుకునే వీలు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. దానితో పాటు రుసుము బాధ్యత కూడా వస్తుంది. పిల్లలు దాన్ని కోరుకుంటారో లేదో వాళ్లను అడిగి నామినీ పేరు రాయండి.

అయితే టైమ్‌షేర్ ఎవరికీ పనికిరాదా?

అలా అనడం న్యాయం కాదు. సభ్యత్వాన్ని ఏటా పూర్తిగా వాడుకుంటూ సంతోషంగా ఉన్న కుటుంబాలు నాకు తెలుసు. వాళ్లలో కొన్ని పోలికలు ఉన్నాయి. అప్పు లేకుండా కొన్నారు. బుకింగ్ తెరుచుకునే రోజునే కూర్చుని బుక్ చేస్తారు. ఫలానా ఊరే కావాలని పట్టుబట్టకుండా, ఎక్కడ దొరికితే అక్కడికి బయలుదేరతారు. ఇంట్లో ఒకరికి సెలవులు తమ చేతిలో ఉంటాయి. బడి పిల్లలు, ఆసుపత్రి అవసరమున్న పెద్దలు, సెలవు దొరకని ఉద్యోగం, ఈ మూడింటిలో రెండు ఉన్న ఇంటికి ఇది సరిపోదని మా అనుభవం చెబుతోంది.

ఇప్పటికే కొన్నాము, రద్దుకు గడువు దాటిపోయింది. ఇక చేయగలిగింది ఏమిటి?

ముందు మిగిలిన రాత్రుల లెక్క తెప్పించుకోండి. వాడని రాత్రులు ఎన్నేళ్లు నిల్వ ఉంటాయో, ఎప్పుడు రద్దవుతాయో ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. వచ్చే ఏడాది బడి సెలవుల తేదీలు ఖరారు కాకముందే, దసరాకు, వేసవికి అంచనా మీద బుక్ చేయండి. ఎన్ని రోజుల ముందు రద్దు చేస్తే రాత్రులు తిరిగి వస్తాయో తెలిసి ఉంటే ఇందులో నష్టం ఉండదు. మీరు వెళ్లలేని వారాన్ని అన్నదమ్ములకో స్నేహితులకో ఇచ్చే వీలుంటే ఇవ్వండి, అతిథి రుసుము ఎంతో ముందే కనుక్కోండి. రిసార్టులో ఉండగా ‘సభ్యుల సమావేశం’ అని పిలిచి పై సీజన్‌కో పెద్ద గదికో మారమంటారు. అది కూడా అమ్మకమే. మీ ఏడు రాత్రులనే పూర్తిగా వాడుకోలేకపోతున్నప్పుడు మరికొన్ని లక్షలు కట్టి పెంచుకోవలసిన అవసరం లేదు. మేము 2014లో అలాంటి ఒక సమావేశంలో మళ్లీ సంతకం పెట్టాము. ఆ రోజు మా అబ్బాయి బయట ఈత కొలను దగ్గర రెండు గంటలు మా కోసం ఎదురుచూశాడు.